రీఫ్ ట్యాంకు కింద ఏముండాలి: స్టాండు, సంపు, పైపుల లెక్క

ఇంట్లో పగడాలు పెంచాలనుకున్నవాళ్లు మన దగ్గర దాదాపు ఒకే వరసలో వెళ్తారు. ముందు గాజు ట్యాంకు చేయిస్తారు. దాని కొలతకు వెల్డర్‌తో స్టాండు కొట్టిస్తారు. ఆ స్టాండులో పట్టే సంపు కోసం వెతుకుతారు. సంపు అంటే పంపు, శుభ్రపరిచే పరికరాలు పెట్టుకునే కింది చిన్న ట్యాంకు. పైనుంచి దిగిన నీటిని పంపు అక్కణ్నుంచి మళ్లీ పైకి పంపుతుంది. చివర్లో ప్లంబర్‌ని పిలిచి పైపులు కలపమంటారు. తర్వాత వచ్చే ఇబ్బందులు చాలావరకు ఈ వరస వల్లే వస్తాయి. నీటిలోని మురికిని నురగగా తీసే స్కిమ్మర్ కప్పు పైకి తీయడానికి చోటుండదు, నడిమి కాలు అడ్డొచ్చి సంపు బయటికి రాదు, కరెంటు పోయిన రాత్రి హాలంతా ఉప్పునీళ్లవుతాయి.

స్టాండు, సంపు, పైపులు మూడింటినీ ఒకే కాగితం మీద, ఒకేసారి గీయాలి. గీత సంపు దగ్గర మొదలై పైకి వెళ్లాలి. ఆ కాగితం మీద అన్నిటికంటే ముందు తేలాల్సిన లెక్క: పంపు ఆగిపోతే పైనుంచి ఎన్ని లీటర్లు కిందికి దిగుతాయి? అది తేలితే సంపు కొలత వస్తుంది. సంపు తేలితే స్టాండు ఎత్తు వస్తుంది. స్టాండు ఎత్తును బట్టి పంపును ఎంచుకోవచ్చు.

లెక్కలకు ఒక ఉదాహరణ పట్టుకుందాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అంటే 120 × 60 × 60 సెం.మీ. ట్యాంకు, 12 మి.మీ. గాజు. సంపు 90 × 45 × 45 సెం.మీ., 8 మి.మీ. గాజు. మన నగరాల్లో ఫ్లాట్లలో మొదటి రీఫ్ ట్యాంకు పెట్టేవాళ్లకు ఇది బాగా కుదిరే కొలత.

బరువు

12 మి.మీ. గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. ఈ ట్యాంకు అయిదు పలకలూ కలిపి 2.88 చదరపు మీటర్లు, అంటే 86 కిలోలు. పొర్లిన నీటిని పట్టి సంపుకు దించే ఓవర్‌ఫ్లో పెట్టె, పైన అతికించే పట్టీలు కలిపితే 95 దాకా వస్తుంది. లోపల 55 సెం.మీ. ఎత్తున నీళ్లు నింపితే సుమారు 370 లీటర్లు. సముద్రపు నీరు లీటరుకు 1.025 కిలోలు కాబట్టి 380 కిలోలు. రాయి, ఇసుక కొంత నీటిని పక్కకు నెడతాయి. అది తీసేస్తే అవి అదనంగా మోపే బరువు 45 కిలోల దగ్గర ఉంటుంది. అంటే స్టాండు పై చట్రం మీద 520 కిలోలు కూర్చుంటాయి. సంపు గాజు, అందులో వంద లీటర్ల నీళ్లు, స్టాండు, తలుపులు, ఆవిరైన నీటిని భర్తీ చేసే డబ్బా అన్నీ కలిపితే నేల మీద పడేది 750 కిలోల వరకూ ఉంటుంది.

ముప్పావు చదరపు మీటరు కూడా లేని చోట ఇంత బరువు పడుతుంది. నివాస గదుల స్లాబులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెప్పే వాడకపు భారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. అది గది మొత్తం మీద పరిచిన భారం కాబట్టి, ఒక మూల చదరపు మీటరుకు వెయ్యి కిలోల తీవ్రత రాగానే స్లాబు విరిగిపడుతుందని అర్థం చేసుకోకూడదు. ఎక్కడ పెడుతున్నామన్నదే కీలకం. గది నడుమ పెడితే స్లాబు ఎక్కువ వంగుతుంది. దూలాన్ని ఆనుకున్న గోడ వెంట, స్తంభానికి దగ్గరగా పెడితే చాలా తక్కువ వంగుతుంది. అపార్టుమెంటులో పై అంతస్తు అయితే భవనం డ్రాయింగు చూపించి స్ట్రక్చరల్ ఇంజినీరును అడగడం తప్పనిసరి.  బాల్కనీలో మాత్రం పెట్టకండి. బయటికి పొడుచుకొచ్చిన స్లాబు మీద ఇంత బరువు ఏళ్ల తరబడి ఉండకూడదు.

టైల్సును కూడా చూసుకోవాలి. నాలుగు కాళ్ల మీద 750 కిలోలంటే ఒక్కో కాలికి 190 కిలోలు. వేలి కణుపుతో టైలు మీద కొడితే డొల్ల శబ్దం వచ్చిందంటే కింద సిమెంటు సరిగా అంటలేదన్నమాట. అలాంటి టైలు మీద చిన్న బిళ్ల కాలు మోపితే పగులుతుంది. కింది చట్రానికి ఆరు పాదాలు పెట్టి, ప్రతి పాదం కిందా పది సెంటీమీటర్ల చదరపు 6 మి.మీ. ఇనుప ప్లేటు, దాని కింద రబ్బరు షీటు వేస్తే భారం పరుచుకుంటుంది.

రాయి గురించి ఒక మాట. భారత సముద్రాల్లోని గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన పగడపు రాయి అయినా ఏరుకొచ్చి ట్యాంకులో పెట్టకూడదు. సిరామిక్‌తోనో సిమెంటుతోనో తయారుచేసిన పొడి రాయి తీసుకోండి. బరువు ముందే తెలుస్తుంది, పురుగూ పుట్రా రావు.

పంపు ఆగితే

పంపు నడుస్తున్నప్పుడు పైట్యాంకులో నీరు ఓవర్‌ఫ్లో పళ్ల మీదుగా ఒక సెంటీమీటరు ఎత్తున పారుతూ ఉంటుంది. ఈ ట్యాంకు లోపలి వైశాల్యం 117.6 × 57.6 సెం.మీ., అంటే ప్రతి సెంటీమీటరు ఎత్తుకూ 6.8 లీటర్లు. పంపు ఆగగానే ఆ ఒక్క సెంటీమీటరు దిగి ఆగిపోతే ఏ గొడవా లేదు. కానీ నీటిని పైకి తెచ్చే పైపు మూతి నీళ్లలో మునిగి ఉంటుంది. పంపు ఆగిన క్షణాన ఆ పైపే సైఫన్ అయి, నీటిమట్టం దాని మూతి కిందికి దిగేదాకా నీళ్లను వెనక్కి లాగేస్తుంది.

మూతి పారే నీటిమట్టానికి 3 సెం.మీ. లోతున ఉంటే 20 లీటర్లు దిగుతాయి. ఓవర్‌ఫ్లో పెట్టెలో, నీటిని సంపుకు దించే పైపు మూతి దాకా దిగే నీరు మూడు నాలుగు లీటర్లు, పైపుల్లో నిలిచింది ఇంకో రెండు. మొత్తం 26 లీటర్లు అనుకోండి. సంపు లోపల సెంటీమీటరుకు 3.8 లీటర్లు పడుతుంది కాబట్టి సంపులో నీరు 7 సెం.మీ. లేస్తుంది. సంపు నీటిమట్టం మామూలుగా 25 సెం.మీ. దగ్గర ఉంచితే పైన 20 సెం.మీ., అంటే 76 లీటర్ల ఖాళీ ఉంది. హాయిగా సరిపోతుంది.

ఇప్పుడు అదే మూతిని చూడ్డానికి బాగుంటుందని 10 సెం.మీ. లోతున పెట్టారనుకోండి. ట్యాంకు నుంచే 68 లీటర్లు, మిగతా ఆరు కలిపి 74. ఖాళీ ఉన్నది 76. ఆ రోజు సంపులో నీరు ఒక్క సెంటీమీటరు ఎక్కువ ఉన్నా పొర్లిపోతుంది.

దీనికి మందుగా చాలామంది నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పెట్టి నిశ్చింతగా ఉంటారు. దాని మీద ఆధారపడొద్దు. సముద్రపు నీటిలో గుల్ల గొట్టాల్లో బతికే పురుగులు, గులాబీరంగు సున్నపు నాచు ప్రతి ఉపరితలం మీదా పెరుగుతాయి. వాల్వు రెక్క కింద అవి ఒక్క మిల్లీమీటరు మందాన పేరుకున్నా అది పూర్తిగా మూసుకోదు. కొన్నిటిలో ఉండే స్టీలు స్ప్రింగు తుప్పు పట్టి ఇరుక్కుపోతుంది. మూతిని పైకి ఉంచండి. నీటిమట్టానికి సెంటీమీటరు కింద పైపుకు 5 మి.మీ. రంధ్రం కూడా వేసుకోండి. మట్టం ఆ రంధ్రం దాకా దిగగానే గాలి లోపలికి వెళ్లి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రాన్ని నెలకోసారి పళ్లు కుట్టుకునే పుల్లతో పొడవాలి. నత్త ఒకటి అందులో దూరినా పని చెయ్యదు. అందుకే రంధ్రం ఉన్నా, సంపులో ఖాళీని మాత్రం రంధ్రం లేదనుకునే లెక్కగట్టాలి.

వరద ఎదురు దిక్కు నుంచి కూడా వస్తుంది. దిగే పైపు మూసుకుపోతే పంపు సంపులోని నీళ్లను పైకి తోడుతూనే ఉంటుంది. పైట్యాంకు అంచుకు 3 సెం.మీ. ఖాళీ ఉంటే అది పట్టేది 20 లీటర్లే. సంపులో పంపు ఉండే గది 20 సెం.మీ. వెడల్పు, పంపు లాగగలిగే లోతు 17 సెం.మీ. అయితే అందులో 15 లీటర్లుంటాయి. పంపు గది ఖాళీ అయి గాలి పీల్చినా నేల తడవదు. ఆ గదిని "పెద్దదైతే మంచిదేగా" అని 35 సెం.మీ. వెడల్పు చేయిస్తే 26 లీటర్లు పైకి పోతాయి. ఇంకొకటి: పంపు గదిలో మట్టం పడగానే, ఆవిరైన నీటిని భర్తీ చేసే ఫ్లోటు స్విచ్చి అది ఆవిరే అనుకుని మంచినీళ్లు వదలడం మొదలెడుతుంది. డబ్బాలో 20 లీటర్లుంటే అవీ పైకే వెళ్తాయి. నేల తడవడమే కాకుండా ఉప్పు శాతం పడిపోయి పగడాలు దెబ్బతింటాయి. ఒకసారికి ఒకటి రెండు నిమిషాలకు మించి నడవని కంట్రోలరు తీసుకోండి. వేసవిలో హైదరాబాదు లాంటి పొడి గాలి ఊళ్లలో నీరు వేగంగా ఆవిరవుతుంది. విశాఖ తేమలో ఆవిరి తక్కువ. ఫ్యానుతో నీరు చల్లబడేదీ తక్కువే కాబట్టి అక్కడ నీటిని చల్లబరిచే చిల్లరుకు పైపు దారి మొదట్నుంచే ప్లానులో ఉండాలి.

స్టాండు

సంపు ఎత్తు 45 సెం.మీ. ఈ కొలతకు వాడే స్కిమ్మర్ 55 సెం.మీ. ఎత్తు ఉంటే, కప్పు పైకి తీయడానికి ఇంకో 15 కావాలి. కాబట్టి లోపలి ఖాళీ ఎత్తు 72 సెం.మీ.కు తగ్గకూడదు. దానికి పాదాలు 3, కింది చట్రం 4, దాని మీద ప్లైవుడ్ 1.8, పై చట్రం 8, పై ప్లైవుడ్ 1.8 కలిపితే స్టాండు 90 సెం.మీ. పైనే వస్తుంది. ఎత్తు ఇలా లోపలి నుంచి రావాలి. సోఫాలో కూర్చున్నప్పుడు కంటికి ఆనే ఎత్తు అని ముందే 70 సెం.మీ. ఖాయం చేసుకుంటే స్కిమ్మర్ శుభ్రం చేసిన ప్రతిసారీ దాన్ని పూర్తిగా బయటికి లాగాల్సి వస్తుంది. మురికి కప్పు తీయడం కష్టమైతే మనిషి తీయడం మానేస్తాడు, నీరు పాడవుతుంది.

వెల్డర్లు మామూలుగా అన్నిటికీ 40 × 40 మి.మీ. చదరపు పైపు, 2 మి.మీ. మందం వాడేస్తారు. కాళ్లకు అది చాలు. ఒక్కో కాలి మీద పడేది 130 కిలోలే, ఆ పైపు అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. బలహీనత ఉండేది పై చట్రంలోని పొడుగు కమ్మీలో. ముందువైపు నడిమి కాలు లేకపోతే అది 110 సెం.మీ. దూరం గాలిలో ఉంటుంది, మీద 260 కిలోలు. రెండు చివరలూ వదులుగా ఆనించినట్టు లెక్కవేస్తే 40 × 40 కమ్మీ నడుమ 3 మి.మీ. దిగుతుంది. 50 × 50 అయితే మిల్లీమీటరున్నర. 80 × 40 పైపును నిలువుగా నిలబెడితే 0.6 మి.మీ. కంటే తక్కువ. 50 × 50 మీటరుకు 3 కిలోలు, 80 × 40 మీటరుకు 3.6 కిలోలు. ఇరవై శాతం ఇనుము ఎక్కువ పెడితే వంగడం రెండున్నర రెట్లకు పైగా తగ్గుతుంది. వంపును ఆపేది ప్రధానంగా పైపు ఎత్తు. వెల్డు గట్టిగా ఉంటే నిజంగా దిగేది ఇంతకంటే తక్కువే అయినా, మూడు మిల్లీమీటర్ల వంపు గాజు అతుకును రోజూ లాగుతూ ఉంటుందన్నది గుర్తుంచుకుని కమ్మీ ఎంచుకోండి. పై చట్రం పొడుగు కమ్మీలకు 80 × 40, మిగతా అంతా 40 × 40 పెట్టి, ముందువైపు నడిమి కాలు తీసేయడమే మంచిది. వెనకవైపు నడిమి కాలు ఉన్నా పర్వాలేదు, అటు నుంచి సంపు బయటికి తీసే పని ఉండదు.

కాళ్లు పై కమ్మీల కిందికి రావాలి. కమ్మీని కాళ్ల మధ్య ఇరికించి పక్కనుంచి వెల్డు చేస్తే బరువంతా వెల్డు గీత మీద వేలాడుతుంది. కాలి మీద కమ్మీ కూర్చుంటే బరువు ఇనుము నుంచి ఇనుముకే దిగుతుంది, వెల్డు పట్టి ఉంచడానికే పనికొస్తుంది. అమెరికాలో ఉండి చెక్కతో చేసుకునేవాళ్లకూ ఇదే సూత్రం: 2 × 4 పైన్ ముక్క నిజానికి 38 × 89 మి.మీ. ఉంటుంది, దాన్ని నిలువుగా నిలబెట్టాలి, బరువు చెక్క నుంచి చెక్కకు దిగాలి, స్క్రూ మీద పడకూడదు.

పక్కకు ఊగడాన్ని ఎవరూ పట్టించుకోరు. నిలువు బరువుకు ఎంత గట్టి స్టాండైనా, పిల్లలు వచ్చి గుద్దుకుంటే పక్కకు కదిలిందంటే పైన ఉన్న నీరు ఊగి ఆ ఊపును పెంచుతుంది. తలుపులు ఊపును ఆపవు. మూలల్లో 75 మి.మీ. త్రికోణపు ప్లేట్లు వెల్డు చేయించండి, లేదా వెనకవైపు 12 మి.మీ. ప్లైవుడ్ పలకను చట్రానికి స్క్రూలతో బిగించండి. పైపులు, వైర్ల కోసం ఆ పలకలో కోతలు ముందే గీసుకోవాలి.

వెల్డింగు రోజు షాపులో నిలబడి రెండు కొలతలు చూసుకోండి. ముందు మూలలన్నీ చుక్కల్లా అంటించి, మూలమట్టం పెట్టి, ఎదురెదురు మూలల మధ్య దూరం కొలవాలి. 120 × 60 చట్రానికి రెండు కర్ణాలూ 134.2 సెం.మీ. రావాలి, వాటి మధ్య తేడా 2 మి.మీ. దాటకూడదు. అప్పుడే పూర్తి వెల్డు. అదీ ఒక మూల తర్వాత దాని ఎదురు మూల చేయాలి. వరసగా ఒకే వైపు చేసుకుంటూ పోతే వేడికి చట్రం మెలిపడుతుంది. అయ్యాక తిన్నని అల్యూమినియం పట్టీని పై చట్రం మీద ఆరు చోట్ల ఆనించి చూడండి. ఎక్కడైనా సందులో ఒక మిల్లీమీటరు దాటి వెలుతురు కనిపిస్తే గ్రైండరుతో సరిచేయించాలి. ప్లైవుడ్, ఫోమ్ సర్దుకుంటాయిలే అని వదిలేస్తే గాజు సర్దుకోదు.

తుప్పు మొదలయ్యేది వెల్డు దగ్గర, పైపు లోపలి నుంచి. తెరిచి ఉన్న పైపు చివరలన్నీ ప్లేటుతో మూసి వెల్డు చేయించాలి. షాపులో మామూలుగా పూసే రెడాక్సైడు ఒక పూత ఉప్పు తుంపరకు ఆగదు. వైరు బ్రష్షుతో రుద్ది, థిన్నరుతో తుడిచి, ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, మీద ఎపాక్సీ రంగు రెండు పూతలు వేయించి వారం ఆరనివ్వండి. పౌడర్ కోటింగు అందంగా ఉంటుంది గానీ ఒక్కచోట గీత పడితే దాని కింద తుప్పు పాకుతూ పోతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ఉప్పుకు మచ్చలు తేలుతుంది. స్టీలే కావాలంటే 316.

పైన, కింద పలకలకు ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ వాడండి. తలుపులకు, పక్కలకు చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ షీటు చాలు. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వద్దు. కోసిన అంచుకు ఒకసారి ఉప్పునీరు తగిలితే ఉబ్బి మళ్లీ తగ్గదు. అడుగు గాజు పూర్తిగా పలక మీద కూర్చునే ట్యాంకు అయితే మధ్యలో 10 మి.మీ. ఫోమ్ షీటు వేయాలి. ప్లాస్టిక్ చట్రం మీద అంచులతో నిలబడే ట్యాంకు అయితే ఫోమ్ వేయకూడదు. అంచులు దిగబడి, ఫోమ్ ఉబ్బి అడుగు గాజును కింద నుంచి నెడుతుంది.

మట్టం సరిచేయడం స్టాండు పాదాల దగ్గరే జరగాలి, ట్యాంకుకూ స్టాండుకూ మధ్య చెక్కలు దోపకూడదు. నాలుగడుగుల పొడవుకు చిన్న రసమట్టం నమ్మకం కాదు. మేస్త్రీలు వాడే పారదర్శక గొట్టం, అందులో నీళ్లు పోసి రెండు చివరలూ చూడటం, అన్నిటికంటే కచ్చితం. రెండు చివరల మధ్య 2 మి.మీ. లోపు తేడా ఉంటే చాలు.

పైపు కొనే ముందు

మన హార్డ్‌వేర్ షాపులో "ఒక అంగుళం పైపు" అని అడిగితే మూడు వేర్వేరు పైపులు రావచ్చు. ఇళ్ల ప్లంబింగుకు వాడే తెల్ల యూపీవీసీ షెడ్యూల్ 40 పైపు బయటి వ్యాసం 33.4 మి.మీ. వేడినీళ్ల లైన్లకు వాడే లేతపసుపు సీపీవీసీ ఒక అంగుళం 28.6 మి.మీ. ఐఎస్ 4985 వ్యవసాయ పైపు, దీన్నే కొందరు అంగుళం అంటారు, 32 మి.మీ. అక్వేరియం షాపుల్లో దొరికే దిగుమతి ఫిట్టింగుల్లో కొన్ని అంగుళాల లెక్కవి, కొన్ని మిల్లీమీటర్ల లెక్కవి. 32 పైపును 33.4 సాకెట్లో పెడితే లోపల 1.4 మి.మీ. సందు. "సొల్యూషన్ ఎక్కువ పూస్తే పట్టేస్తుంది" అని ప్లంబరు అంటాడు. పట్టదు. సొల్యూషన్ చేసే పని రెండు ప్లాస్టిక్ పొరలను కరిగించి ఒకటి చేయడమే, సందును పూడ్చడం దానివల్ల కాదు. మొదటి రోజు కారదు, నెలల తర్వాత చెమర్చడం మొదలవుతుంది. వ్యాసం కొలిచే వెర్నియరు పట్టుకుని వెళ్లండి, ప్రతి ముక్కనూ షాపులోనే పొడిగా తొడిగి చూడండి. పొడిగా తొడిగినప్పుడు పైపు సాకెట్లో సగం నుంచి ముప్పావు దాకా వెళ్లి బిగుసుకోవాలి. అడుగు దాకా వదులుగా జారిపోతే ఆ జత వద్దు. అన్నీ యూపీవీసీ షెడ్యూల్ 40 లేదా 80లోనే తీసుకుంటే ఈ తలనొప్పి తగ్గుతుంది.

రెండో ప్రమాదం ఇత్తడి. ఇళ్ల ప్లంబింగులో కుళాయి దగ్గర వచ్చే ఎల్బోలు, అడాప్టర్ల లోపల ఇత్తడి మరలుంటాయి. ఇత్తడిలో రాగి ఉంది. రాగి చాలా కొద్దిగా కరిగినా రొయ్యలు, నత్తలు, పగడాలు చస్తాయి. రాళ్లూ ఇసుకా రాగిని పీల్చుకుని తర్వాత వదులుతుంటాయి కూడా. ఇత్తడి గేటు వాల్వు, ఇత్తడి నాన్ రిటర్న్ వాల్వు, జింకు పూత ఇనుప (జీఐ) నిపుల్ ఏదీ నీటిదారిలో ఉండకూడదు. ప్లంబరుకు ఈ మాట ముందే చెప్పి, పని అయ్యాక ప్రతి ముక్కనూ మళ్లీ చూసుకోండి. అలవాటు మీద ఒకటి పడిపోతుంటుంది.

దిగే పైపులు

నీరు దిగే పద్ధతులు మూడు పేర్లతో చెలామణిలో ఉన్నాయి: డర్సో, హెర్బీ, బీన్‌యానిమల్. డర్సోలో ఒకే నిలువు పైపు, దాని తలమీద గాలి రంధ్రం. నీరు, గాలి కలిసి దిగుతాయి. తనంతట తానే మొదలవుతుంది గానీ గుడగుడ శబ్దం, సంపులో బుడగలు. అది మూసుకుపోతే ఇంకో దారి లేదు. హెర్బీలో రెండు పైపులు. ఒకటి గాలి లేకుండా నిండుగా పారే సైఫన్, దాని ప్రవాహాన్ని కింద గేటు వాల్వుతో సరిచేస్తారు. రెండోది పొడిగా ఉండే అత్యవసర పైపు. బీన్‌యానిమల్‌లో మూడు. సైఫన్ దాదాపు అంతా మోస్తుంది, రెండోది మిగిలిన సన్నని ధారను నిశ్శబ్దంగా తీసుకుంటుంది, మూడోది అత్యవసరం.

మూడో పద్ధతినే ఎంచుకోండి. ఒక్క రంధ్రం ఎక్కువ వేయించే ఖర్చు తప్ప దానికి లోటు లేదు. ఒక అంగుళం సైఫన్ మీటరు దిగువకు వాల్వు పూర్తిగా తెరిస్తే గంటకు 4,000 లీటర్లకు పైగా మోస్తుంది. మనకు కావలసింది 2,000. ట్యాంకు నీటికి అయిదు రెట్లు గంటకు సంపు గుండా తిరిగితే సరిపోతుంది, పగడాలకు కావలసిన కదలికంతా ట్యాంకులోపల నీటిని కదిలించే వేవ్‌మేకర్లు ఇస్తాయి. హెర్బీలో సైఫన్ ఒక్కటే మోస్తుంది కాబట్టి పంపు వేగం కొద్దిగా మారినా మట్టం పైకో కిందికో జరుగుతుంది. కిందికి జరిగితే గాలి పీల్చి గుర్రుమంటుంది. బీన్‌యానిమల్‌లో ఆ చిన్న తేడాను రెండో పైపు సర్దుకుంటుంది. ఆ రెండో పైపు తలమీద సన్నని గాలి గొట్టం ఒకటి ఉంటుంది. దాని చివరను పెట్టెలో మామూలు మట్టానికి పైన, అత్యవసర పైపు మూతికి కింద ఉంచాలి. సైఫన్ మూసుకుపోయి మట్టం లేస్తే నీరు ఆ చివరను కప్పేస్తుంది, గాలి ఆగిపోతుంది, రెండో పైపే సైఫన్‌గా మారి మొత్తం మోసుకుపోతుంది.

సైఫన్ పైపు కింది చివర సంపు నీటిలో రెండు సెంటీమీటర్లకు మించి మునగకూడదు. పది సెంటీమీటర్లు ముంచితే, కరెంటు వచ్చి పంపు మొదలైనప్పుడు పైపులో చిక్కుకున్న గాలి బయటికి పోలేక సైఫన్ పట్టదు, నీరంతా అత్యవసర పైపు మీద పడుతుంది. రోజుకు రెండు మూడుసార్లు కరెంటు పోయే ఊళ్లో ఇదొక్కటే ట్యాంకును ఇబ్బందిపెట్టడానికి చాలు. అత్యవసర పైపు చివర మాత్రం నీటికి పైనే ఉండాలి. దాన్నుంచి నీరు పడితే చప్పుడు వినిపించి, ఎక్కడో మూసుకుందని తెలుస్తుంది. అడ్డంగా పోయే పైపు ఎంత తక్కువైతే అంత మంచిది, 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45లు వాడండి. సైఫన్ మీద బాల్ వాల్వుతో పని నడుస్తుంది గానీ, పావు తిప్పులో మొత్తం మూసుకునే వాల్వుతో మిల్లీమీటరు మట్టం సరిచేయడం విసుగు పుట్టిస్తుంది. ప్లాస్టిక్ గేటు వాల్వు ఖరీదైనా కొనదగ్గదే.

రంధ్రాల విషయం గాజు కోయకముందే తేలాలి. టఫెన్డ్ గాజుకు రంధ్రం వేయలేరు, డ్రిల్లు తగలగానే ముక్కలవుతుంది. మామూలు గాజుకు వజ్రపు కప్పు డ్రిల్లుతో, నీళ్లు పోస్తూ, నెమ్మదిగా, అడుగున చెక్క ఆనించి వేయాలి. రంధ్రం అంచు నుంచి గాజు అంచుకు కనీసం రంధ్రం వ్యాసమంత దూరం ఉండాలి. గాజు రంధ్రంలో బిగించి పైపు కలిపే ట్యాంకు నిపుల్ ముందు కొని, దాని మర కొలిచాకే రంధ్రం సైజు చెప్పండి. ఒకే అంగుళం నిపుల్‌కు ఒక్కో కంపెనీది ఒక్కో రంధ్రం. రబ్బరు వాషరు నీటివైపు, నిపుల్ అంచుకూ గాజుకూ మధ్య రావాలి. నట్టు చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు. పానాతో బలంగా తిప్పితే గాజు చిట్లుతుంది.

ఎక్కే పైపు

పంపు డబ్బా మీద రాసిన గంటకు ఇన్ని లీటర్లు అన్నది సున్నా ఎత్తుకు. మన ట్యాంకులో సంపు మట్టం నుంచి పై మట్టానికి 1.1 మీటర్ల ఎత్తు ఉంది. దానికి పైపు రాపిడి కలపాలి. గంటకు 2,000 లీటర్లు పారేటప్పుడు ఒక అంగుళం పైపులో మీటరుకు 5 సెం.మీ. ఎత్తు నష్టం, ముప్పావు అంగుళంలో 15. ఒక అంగుళపు ఎల్బో ఒక్కొక్కటి 80 సెం.మీ. నిడివి పైపుతో సమానం. రెండు మీటర్ల పైపు, నాలుగు ఎల్బోలు ఉంటే అంగుళం లైనులో మొత్తం 1.35 మీటర్లు, ముప్పావులో 1.8 దాకా వస్తుంది. పంపు మూతి ముప్పావే ఉన్నా, దాన్ని దాటగానే రెడ్యూసరుతో అంగుళానికి పెంచండి. పంపు పట్టికలో మీటరున్నర దగ్గర 2,000 నుంచి 2,500 లీటర్లు ఇచ్చేదాన్ని ఎంచుకుంటే సరి.

పంపు పక్కనే విప్పి తీయగల జాయింటు అయిన యూనియన్ ఒకటి, దాని పైన ఒక బాల్ వాల్వు, ఆ పైన మూడు దారుల టీ ముక్క ఒకటి, ఖాళీ దారికి మూతతో. యూనియన్ లేకపోతే పంపు శుభ్రం చేయాల్సిన రోజున పైపు కోయాలి. టీ ఇప్పుడు పనికిరాదు, రేపు చిల్లరో ఇంకో పరికరమో పెట్టేటప్పుడు పనికొస్తుంది. పంపుకూ గట్టి పైపుకూ మధ్య అరడుగు సిలికాన్ గొట్టం ఉంటే స్టాండంతా మోగకుండా ఉంటుంది.

అతకడం, పరీక్ష

అన్నీ పొడిగా తొడిగి, ప్రతి జాయింటు మీదా మార్కరుతో అడ్డగీత గీసి పెట్టుకోండి. సొల్యూషన్ పూశాక దిశ చూసుకునే సమయం ఉండదు. పైపు అడ్డంగా సరిగ్గా తొంభై డిగ్రీలకు కోయాలి, రంపపు పొట్టు తీసేయాలి, అంచు కొద్దిగా చెక్కాలి. ప్రైమరు రెండింటికీ రాసి, సొల్యూషన్ పూసి, పావు చుట్టు తిప్పుతూ అడుగు దాకా తోసి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే పైపు తనంతట తానే వెనక్కి జరుగుతుంది, చాలా జాయింట్లు కారేది ఇందుకే. యూపీవీసీకి దాని సొల్యూషనే, సీపీవీసీకి దానిదే. 24 గంటలు ఆరాక నీళ్లు.

మొదటి నీళ్లు ఉప్పువి కాకూడదు. బోరునీళ్లయినా ఫర్వాలేదు, పరీక్షకే కదా. ట్యాంకు పావు వంతు నింపి గొట్టంతో మట్టం చూడండి, సగం నింపి మళ్లీ, నిండాక మళ్లీ. ఫోమ్, ప్లైవుడ్, రబ్బరు బరువుకు కొద్దిగా దిగుతాయి. ఒక మూల 2 మి.మీ. దాటి దిగితే నీళ్లు తీసేసి పాదం సరిచేయాలి. నిండు ట్యాంకు కింద పాదం తిప్పకూడదు. ప్రతి జాయింటు కిందా పొడి టిష్యూ కాగితం ముక్క పెట్టండి, కంటికి కనిపించని చెమ్మను అది చూపిస్తుంది.

తర్వాత పంపు నడిపి, గేటు వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ సైఫన్ నిశ్శబ్దమయ్యేదాకా తీసుకురండి. ఒక్కో సవరణకు పది నిమిషాలు ఆగాలి. ఇప్పుడు స్విచ్చి తీసేయండి. నీరంతా దిగి ఆగాక సంపు గాజు మీద మట్టం దగ్గర గీత గీయండి. ఆ గీతకూ సంపు అంచుకూ మధ్య కనీసం 5 సెం.మీ. ఉండాలి. లేకపోతే సంపులో నడిచే మట్టాన్ని తగ్గించాలి. స్విచ్చి వేసి సైఫన్ రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే పట్టిందా చూడండి. ఇలా అయిదారుసార్లు చేయాలి, ఒకసారి పట్టి ఒకసారి పట్టకపోతే కింది చివర ఎక్కువ మునిగి ఉందని అర్థం. ఆ తర్వాత సైఫన్ మూతిని చేత్తో మూసి రెండో పైపు అందుకుందో లేదో, రెండూ మూసి అత్యవసర పైపు ఒక్కటే మొత్తం మోస్తుందో లేదో చూడండి. పైట్యాంకు అంచు దాకా నీరు రాకూడదు. చివరగా భర్తీ డబ్బా నుంచి వచ్చే గొట్టం చివర సంపు నీటికి పైనే ఉందా, డబ్బా మట్టం సంపు కంటే కింద ఉందా చూడండి. లేకపోతే ఆ చిన్న గొట్టం కూడా సైఫన్ అవుతుంది.

ఈ పరీక్షలు నడుస్తుండగానే కరెంటు పని ముగించుకోవచ్చు. ట్యాంకు లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. ప్లగ్గులు, అడాప్టర్లు సంపు గదిలో కాకుండా స్టాండు పక్కన, నీటిమట్టానికి పైన గోడకు బిగించండి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒకసారి వేలాడి పైకి రావాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. ఇన్వర్టరు మీద పెట్టేది ఒక్కటే అయితే అది వేవ్‌మేకరు కావాలి. తక్కువ వాట్లు తాగుతుంది, పైన నీరు కదులుతూ ఉంటే చేపలకు ప్రాణవాయువు అందుతుంది.

రెండు రోజులు టిష్యూ కాగితాలు పొడిగా ఉంటే నీళ్లన్నీ తోడేసి, పైపుల్లోని సొల్యూషన్ వాసన పోయేదాకా ఒకసారి మంచినీళ్లతో కడిగి, లవణాలు తీసేసిన ఆర్ఓ డీఐ నీటితో నింపుకుని ఉప్పు కలపడం మొదలుపెట్టొచ్చు.